నాలుగు బోర్ల లోతు

పలమనేరులో సముద్రం పాఠం చెప్పడమంటే
ఎవరూ పోని ఊరికి బస్సు టైములు చెప్పడమే.
నా క్లాసులో సముద్రం చూసినవాళ్లు ఇద్దరు.
ఒకడు చెన్నై ఆస్పత్రికి పోయినప్పుడు.
ఇంకొకడిది అబద్ధం.

అయినా నల్లబల్ల మీద సుద్దముక్కతో
కిందికి గీస్తా పోయాను.
ఇక్కడిదాకా ఎండ.
ఇక్కడ మసక.
ఇక్కణ్ణించి బల్ల రంగే చాలు, గీయక్కర్లేదు.

ఆ నలుపులో ఆడచేప దీపం పట్టుకుని తిరుగుతుంది.
మగది వేలెడంత కూడా ఉండదు, ముక్కు మాత్రం పెద్దది.
వాసన పట్టి ఈది ఈది
దొరికిందా, ఆమె పొట్ట కింద కొరికి పట్టుకుంటుంది.
ఇక వదలదు.
పెదవులు ఆమె చర్మంలో కలిసిపోతాయి,
ఇద్దరి నెత్తురూ ఒకటవుతుంది,
కళ్లు కరిగిపోతాయి, ఇంక వెతకాల్సిందేముంది గనక.
మొదట చూసినవాళ్లు దాన్ని
బిడ్డ అనుకున్నారు.

"ఇల్లరికం మేడం!" అన్నాడు రెడ్డిశేఖర్.
కిటికీ అవతల మల్బరీ ఆకు కోసేవాళ్లు
తలెత్తి చూసేంత నవ్వు.
నేనూ నవ్వాను. అంతకంటే మంచి మాట పుస్తకంలో లేదు.

ఇంకో చేప,
మూడు సన్నటి కాళ్ల మీద బురదలో నిలబడి
ఎదురుచూస్తుంది.
ఆడదీ మగదీ రెండూ తనలోనే.
ఎవరైనా వస్తే సరే,
రాకపోతే తనకు తానే చాలునని అంటారు.
దీన్ని మాత్రం కొంచెం తొందరగా చెప్పి
పేజీ తిప్పాను.

ఆక్టోపస్ దగ్గర గది సద్దుమణిగింది.
రాతిని కరుచుకున్న గుడ్లు, వాటిమీద తల్లి.
నాలుగేళ్ల అయిదు నెలలు.
ఎండ్రకాయ ముందర్నుంచే పోయినా ముట్టలేదు.
ఆ చలికి గుడ్డు నిదానంగా పండుతుంది,
అందుకని తల్లి కూడా
నిదానంగా చావడం నేర్చుకుంది.
ఒళ్లు పాలిపోయింది, కళ్లకు మబ్బు కమ్మింది.
అక్కడ పైనుంచి ఎప్పుడూ సన్నటి పొడి రాలుతుంటుంది,
పైన బతికినవాటి మిగులు.

"మా అమ్మ పనిచేసే గుడ్ల కేంద్రంలో
రెక్కలొచ్చిన పట్టుపురుగులూ తినవు మేడం,"
వెనక బెంచీలోంచి ఎవరో.
"కానీ అవి నాలుగు దినాలే."

సుగుణవల్లి లేచి నా బల్లదాకా వచ్చింది.
రాత్రంతా తిరుచెంగోడు బండి పక్కన నిలబడి
పొద్దున్నే కాలేజీకి వచ్చిన పిల్ల.
వాళ్ల చేన్లో నాలుగో బోరు.
"అదెంత లోతు మేడం? అడుగుల్లో చెప్పండి."
నాలుగువేల ఆరువందలు.
వేళ్లమీద కూడుకుంది.
"మా నాయన వేసిన నాలుగూ
ఒకదాని కింద ఒకటి నిలబెడితే అందుతాదా?"
దగ్గర దగ్గర అందుతుంది.
"అంత లోతుకు పోతే అక్కడ నీళ్లే నీళ్లు,"
నవ్వకుండా అంది.
"పిల్లలు బయటికొచ్చినాయా ఇంతకీ?"
వచ్చే ఉంటాయి. వేటాడే ఈడుతోనే పుడతాయవి.
చివరిసారి పోయి చూస్తే
రాతిమీద ఉత్త తొక్కలున్నాయి.
"ఆమె?"

రైలుపట్టా ముక్క మీద
అటెండరు దొరస్వామి గంట కొట్టాడు.

అందరూ పోయాక చూశాను.
ఆ పిల్ల వంగి అడిగిన చోట
అటెండెన్సు పుస్తకం మీద
జడలోంచి రాలిన రాతిపిండి,
తెల్లగా, సన్నగా.
ఊదబోయి
ఆగాను.