చీపురు బండి

మా బండి వెనక తలుపుకి నిజంగానే ఓ చీపురు కట్టి ఉంటుంది.
ఈ ఏటిది గొడెలీవ్ అత్త కొట్టాంలోంచి అడిగి తెచ్చాను.
పందెంలో వెనకబడ్డవాళ్ళని ఊడ్చుకుపోవడం నా పని:
నంబరు విప్పించుకోవడం, దుప్పటి కప్పడం,
ఫ్లాస్కులోంచి టీ పొయ్యడం,
వాళ్ళు ఏడ్చేటప్పుడు అద్దంలోకి చూడకపోవడం.

పొద్దున నూట నలభై మంది కదిలారు.
షెల్ట్ నదిలో నీళ్ళు కూడా
ఎదురుగాలికి వెనక్కి నడుస్తున్న రోజు.
మూడింటికల్లా నా బండిలో పదకొండు మంది.
ఒకమ్మాయికి మణికట్టు వాచింది.
ఇద్దరు వేర్వేరు జట్లవాళ్ళు
ఒకరి భుజం మీద ఒకరు నిద్రపోయారు.
పైన కట్టిన సైకిళ్ళ చక్రాలు
ఎవరూ తొక్కకుండానే తిరుగుతున్నాయి.

పన్నెండోది ఎక్కనంటోంది.

ఎనభై ఏడో నంబరు, ఔష్రా, లిథువేనియా పిల్ల.
తొంభై కిలోమీటర్లు తన నాయకురాలి ముందుండి
గాలినంతా తన రొమ్ముకే తగిలించుకుంది.
రెండుసార్లు వెనక్కి పోయి, జెర్సీలో ఏడేసి సీసాలు కుక్కుకుని
వీపుకి కడుపొచ్చినదానిలా తిరిగొచ్చింది.
రాళ్ళబాట మొదలయ్యే మలుపులో
నాయకురాలిని గుంపు మొనకి చేర్చి పక్కకి తప్పుకుంది.
టీవీలో అది
తెర అంచున ఒక మోచెయ్యి, అంతే.

కిటికీ దించి, "చాలమ్మా, ఎక్కు" అన్నాను.
తలూపింది. అవునో కాదో తెలియలేదు,
ఆ రాళ్ళు ఎవరి తలనైనా ఊపుతాయి.

బీట్‌రూట్ పొలాలు దాటాక మళ్ళీ అడిగాను.
"మావాళ్ళు గెలిచారా?" అంది.
"నాలుగో స్థానం."
"నాలుగా."
నవ్విందో దగ్గిందో. పళ్ళ సందుల్లో కూడా బురద.

ముప్ఫై ఏళ్ళ కింద నేనూ ఇదే బండెక్కాను.
మా పందేనికి మొదటి బహుమతి ఒక కాఫీ మెషిన్.
వెనక మగవాళ్ళ పందెం వస్తోందని మమ్మల్ని తొందరగా ఊడ్చేశారు.
ఎక్కినందుకు సిగ్గుపడలేదు.
ఎక్కమన్నవాడు నా మొహం కాదు,
గడియారం చూస్తూ అడిగాడు. అది మాత్రం ఇంకా అరగలేదు.

గడువు దాటింది. రూలు రూలే.
బండాపి నంబరు తీసుకున్నాను. నాలుగు పిన్నులు.
చలికి ఆమె వేళ్ళు వంగలేదు, నేనే విప్పాను.
"ఇప్పుడిది మామూలు రోడ్డు," అన్నాను,
"మామూలు రోడ్డు మీద ఎవరైనా తొక్కొచ్చు."

పద్నాలుగు కిలోమీటర్లు ఆమె వెనకే నడిపాను,
హెచ్చరిక దీపాలు వేసి, రెండో గేరులో.
లోపల నిద్రలేచిన అమ్మాయిలు
ఒకరి తర్వాత ఒకరు అద్దాల మీద దరువేశారు.
మణికట్టు వాచినది కూడా, ఎడమ చేత్తో.

ముగింపు గీత దగ్గర కంచెలు పీకేస్తున్నారు.
ఒకతను బ్యానరు చుడుతూ చుడుతూ ఆగి
సగం చుట్ట చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టాడు.
బంగాళాదుంపలు వేయించే ఆవిడ
అడక్కుండానే ఓ పొట్లం కట్టింది.
ఔష్రాకి సైకిల్ దిగడం రాలేదు. ఇద్దరం పట్టుకుని దింపాం.

ఇంటికొచ్చాక చూశాను, చీపురు లేదు.
ఏ రాళ్ళ మీద రాలిపోయిందో.
అత్తకేం చెప్పాలో ఏమో.