పదో చెరువు

పరగడుపున రమ్మంటే
రాత్రి డ్యూటీలో టీ చుక్క కూడా ముట్టకుండా వచ్చాడు
గెద్దాడ ఏసుపాదం, నలభై నాలుగేళ్ళు,
కాళ్ళ దగ్గర తొమ్మిది రొయ్యల చెరువులకి కాపలా.
"తాగనండి నేను" అన్నాడు బల్ల ఎక్కకముందే.
నేనింకా ఏమీ అడగలేదు.
లివరు అనగానే భీమవరంలో
ప్రతివాడూ ముందుగా ఇచ్చుకునే సంజాయిషీ అది.

కుడిచెయ్యి తల కింద పెట్టించాను.
జెల్ చల్లదనానికి పొట్ట ఒక్కసారి ముడుచుకుంది.
పక్కటెముకల సందులో ప్రోబు ఆనించి
చెవికి అందని చప్పుడొకటి లోపలికి పంపాను.
పంపడం, తిరిగొచ్చేదాకా ఆగడం,
నా ఉద్యోగం ఇంతే.

మంచి కాలేయంలో అది
అడుగున డయాఫ్రం గీత దాకా వెళ్ళి
పెద్దగా అలసిపోకుండానే వచ్చేస్తుంది.
ఇతని లోపల
పైపైన పిండారబోసినట్టు ఒకటే తెలుపు,
నాలుగు వేళ్ళ లోతుకి మసక,
ఆ కింద అమావాస్య.
గీత ఉండాలి. కనపడదు.

పక్కనున్న కొత్త మిషనుతో పదిసార్లు కొలిచాను.
పదింటికీ నడిమి అంకె మూడువందల పద్దెనిమిది.
మీటరు దూరానికి
అన్ని డెసిబెల్స్ అరిగిపోతోంది శబ్దం.

ఈ మాట తెలుగులో ఎలా చెప్పాలో
పన్నెండేళ్ళుగా నాకు చేతకాదు.
క్షీణత అంటే హడలిపోతారు.
కొవ్వు అంటే నవ్వేస్తారు, బక్కవాళ్ళయితే మరీనూ.
ఫ్యానుకేసి చూస్తూ అతనే అడిగాడు:
"పళ్ళెం దింపారాండి?"

నాకర్థం కాలేదు.
తాడుకి కట్టిన పళ్ళెం, సగం నలుపు సగం తెలుపు,
రోజూ పదకొండింటికి చెరువులోకి దింపుతాడట.
ఎన్ని సెంటీమీటర్ల దగ్గర కంటికి ఆనకుండా పోతుందో
పుస్తకంలో రాస్తాడట.
నీళ్ళు చిక్కబడితే ఇరవైకే మాయం.
"పళ్ళేనికేం కాలేదండి అప్పుడు. నీళ్ళకయ్యింది."

పన్నెండేళ్ళ సర్వీసు
ఆ ఒక్క ముక్క ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

లేచి బనీను సర్దుకుంటూ ఇంకా చెప్పాడు.
తెల్లారగట్ల చెక్ ట్రే పైకెత్తి
రొయ్యని టార్చి వెలుగుకి అడ్డం పట్టి
తల దగ్గర దాని లివరు చూస్తాడు.
ముదురు రంగుంటే సరే,
పాలిపోతే ఆ పూటే రాజుగారికి ఫోను.
"రొయ్యకయితే పైనించే కనపడిపోద్దండి.
మనకే తోలు మందం."

రాత్రంతా ఏరియేటర్ల హోరు,
కునుకు పట్టకుండా గంటకో టీ, మూడేసి చెంచాల పంచదార,
రెండింటికి అన్నం, ఏడింటికి మళ్ళీ టిఫిను.
ఇవి రాయడానికి రిపోర్టులో గడి లేదు.
"అయితే మేత తగ్గించాలంటారు."
"ఆయ్, తగ్గించాలి" అనేశాను,
అది డాక్టరుగారు చెప్పాల్సిన మాటని
గుర్తొచ్చేలోపే.

ఆ రాత్రి స్కూటీ మీద ఇంటికెళ్తుంటే
గట్ల మీంచి చప్పుడు.
దగ్గరి చెరువుది గట్టిగా, దాని వెనకది మెత్తగా,
ఆ వెనకది ఉందో లేదో.
బండి ఆపి కాసేపు విన్నాను.
ఇది చెవికి అందే చప్పుడే. అయినా కొలవలేను.

ఆరు నెలలకి మళ్ళీ వచ్చాడు.
బెల్టు రెండు చిల్లులు లోపలికి జరిగింది.
రెండువందల తొంభై ఒకటి.
బాగుందని అనలేను, బాలేదనీ అనలేను.

సంచీలోంచి చెరువుల పుస్తకం తీశాడు.
ఉప్పదనం, పీహెచ్, పళ్ళెం లోతు,
చెరువుకొకటి చొప్పున తొమ్మిది వరసలు.
అన్నిటికంటే కింద, పెన్సిలుతో గీసుకున్న పదో వరసలో
పాత అంకె ఒక్కటే ఉంది.
పక్కన కొత్తది వేసి
దస్తూరీ దిద్దమన్నట్టు నావైపు తిప్పాడు.

"ఇంకా అడుగు కనపడ్లేదండి"
అని, పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు.