మూడు సెల్లుల పంచాయితి

తరాజుల మూడువేలది పెడితె
పావుకిల బాటుకు సరిగ్గ తూగింది.
"ఇరవై రెండు వందలది సాలు,
గిది ముక్కు పట్టి కిందికి గుంజుతది" అన్నడు
మోటర్లు చుట్టే దుర్గం ఓదేలు,
సిరొంచ బస్టాండు ఎనుక.
తునికాకు కోసిన పైసలు
ముడి ఇప్పి చిన్నదే కొన్న.

చార్జరు కాడ మళ్ల లొల్లి.
అగ్గువది మూడు సెల్లులకూ ఒక్కటే గంటె,
ఎవని కడుపు నిండెనో సూడదు,
ఒకడు ఉబ్బుతడు, ఒకడు పస్తుంటడు.
విడివిడిగ కొలిసేదానికి
ఇంకో ఆరు నూర్లు. బాకీ రాసిండు.

పగిలిన రంజన్ల ఇసుక పోసి
అండ్ల బ్యాటరీ పెట్టి కాపలా కూసున్న.
మూడో సెల్లు నిండకముందే కరెంటు పోయింది.
"లైట్ గేలీ" అన్నడు పక్కింటి వాంఖడే,
నేనే తీసినట్టు నా దిక్కు సూసి.
పెదనాయిన బండి బ్యాటరీకి క్లిప్పులు తగిలించిన.

పొద్దుగాల ప్రాణహిత ఇసుకల కెల్లి
ఫ్రిజ్ డబ్బ థర్మకోల్ రెక్కలు
నీళ్లు దాటి, తెలంగాణ మీద
ఒక్క చుట్టు తిరిగినయి.
ఎనిమిది నిమిషాలకు బజరు మొత్తుకుంది.
ఇంకొక్క చుట్టు అని బొటనేలు అడిగింది,
ఇయ్యలే.

దించి పట్టుకుంటె బ్యాటరీ
ఇప్పుడే పెట్టిన గుడ్డు లెక్క వెచ్చగ.