ఏడో మాట

రోసారియోలో, సాన్ లూయీస్ వీధి మలుపులో
నాది తాళంచెవుల కొట్టు.
ఇరవై తొమ్మిదేళ్లుగా ఇత్తడి పొడి
నా గోళ్ల కింద కాపురముంటోంది.
ఏ చెవి పోగొట్టుకున్నా సరే,
తాళం చూపిస్తే రెండోది అరగదీసి ఇస్తాను.

నిన్న లీసాండ్రో వచ్చాడు.
ఏదో దూరదేశపు కంపెనీకి బొమ్మలు గీస్తాడు,
వాళ్లు జీతం క్రిప్టోలో పంపుతారు.
అరచేయంత స్టీలు రేకులు రెండు బల్ల మీద పెట్టి
"పన్నెండు మాటలు కొట్టాలి, దోన్యా హెర్మీనియా.
ఒక్కోదానికి మొదటి నాలుగక్షరాలు చాలు" అన్నాడు.

"డబ్బెక్కడుందిరా?"
"ఎక్కడని చెప్పను? లెక్క లోకమంతా ఉంది,
చెవి మాత్రం ఈ మాటలు."
"పోతే?"
"పోయినట్టే."
"రెండోది?"
"అది మీ వల్ల కూడా కాదు."
కాస్త నొచ్చుకున్నాను, నిజం చెప్పొద్దూ.

మొదట ఫోన్లోనే దాచాడట.
నూట ముప్పై ఐదో నంబరు బస్సులో ఆ ఫోను
ఎవడి జేబులోకో దిగిపోయింది.
తర్వాత ఒక కంపెనీని నమ్మాడు, వడ్డీ కూడా ఇస్తామన్నారు.
ఒక సోమవారం పొద్దున్న తెర మీద
"దయచేసి ఆగండి" అన్న ముక్క మిగిలింది.

ఆ ముక్క నాకు కొత్తది కాదు.
రెండువేల ఒకటి డిసెంబరులో
బ్యాంకు షట్టరు మీద గరిటెతో నేనూ కొట్టాను.
మర్నాడు ఆ మేనేజరే నన్ను పిలిపించాడు,
సొట్టపోయిన తాళం మార్చమని.
మార్చాను.
లోపల నా డబ్బు, బయట నా చేతిలో కొత్త చెవి.
అప్పగించి, రసీదు రాయించుకుని వచ్చేశాను.

ఇప్పుడు వీడు చిటికెన వేలంత యంత్రం కొన్నాడు.
సెకండ్ హ్యాండ్ వద్దని, తయారుచేసినవాళ్ల దగ్గరే,
సీలు చూసి మరీ.
అది చెప్పిన మాటలు కాగితం మీద రాస్తే
మాతే టీ ఒలికి సగం పచ్చబడ్డాయి.
అందుకే స్టీలు.

కాగితం మడత విప్పి నా వైపు తిప్పాడు.
ఠక్కున దాని మీద చెయ్యి వేశాను.
కళ్లద్దాలు నెత్తి మీదున్నాయి, అదే మేలైంది.
"ఈ ఊళ్లో ఎన్ని బీరువాలు తెరిచానో,
ఒక్కదాన్లోకీ తొంగి చూడలేదు.
మంచితనం అనుకునేవు, కాదు, పని అంతే.
రేపు నీ డబ్బు పోతే
నీకు మొదట గుర్తొచ్చే మొహం నాది కాకూడదు.
ఇదిగో సుత్తి. ఇవిగో అక్షరాల ఉలులు.
బొటనవేలు జాగ్రత్త."

గడప మీద కూర్చున్నాను, వీధి వైపు తిరిగి.
వెనక నాలుగు దెబ్బలు. ఆగడం.
నాలుగు దెబ్బలు. ఆగడం.
ఒక బూతు (బొటనవేలే).
మళ్లీ నాలుగు.
వినకూడదనే అనుకున్నాను,
కానీ తాళాలు తీసేవాళ్లకి కళ్లకన్నా చెవులే ముందు పుడతాయి.
ఏడో మాటకి మూడే దెబ్బలు పడ్డాయి.
రెండో రేకు మీదా అక్కడ మూడే.

"ఒకటి నీ దగ్గర పెట్టుకో,
ఇంకోటి నది అవతల విక్టోరియాలో మీ అక్కకివ్వు.
ఏమిటో చెప్పకు,
పారెయ్యొద్దని మాత్రం చెప్పు."
సుత్తి అద్దె తీసుకున్నాను, అంతే.

రాత్రి దీపం ఆర్పాక మొదలయ్యాయి.
సోల్, మార్, పాన్.
ఎండ, సముద్రం, రొట్టె.
మా భాషలో రోజూ కావలసినవన్నీ మూడక్షరాలే.
ఒక్కొక్కటే వచ్చి నన్నేనా, నన్నేనా అంటున్నాయి.
లేచి వెళ్లి
వేసి ఉన్న గడియే మళ్లీ వేశాను.