ఆ గ్లాసు ఎవురు కడిగినారు

కువైట్‌లో, జాబ్రియాలో, రెండో అంతస్తులో
మామా నూరియాకు రాత్రిపూట నిద్ర రాదు.
ఆమె కాళ్లు ఒత్తేదానికి
నాకు రాకూడదు.

ఆమె నోట్లో 'ప' లేదు.
ఆరేండ్లుగా పెంచలమ్మను కాదు, బెంచలాను.
"కూర్చో బెంచలా,
నేను టీచరుగా ఉన్నప్పుడు చూసిన సినిమా" అనింది.
ఎప్పుడూ లేంది, టీ రెండు గ్లాసుల్లో పోయమనింది.

రంగుల్లేవు.
మాటలు ఇంగ్లీషు, కింద రాతలు అరబ్బీ,
రెండూ నాకు గోడలే.
గోడల నడుమ సందులోంచి చూసినా.

ఒకాయన. ఇంట్లో కూడా టోపీ తీయడు.
కిటికీ తడికె నీడ ఆయన మొగం మింద
చారలు చారలుగా పడింది,
జొన్నచేలో పడుకున్నోని మింద పడినట్టు.
బయట ఒకటే వాన.
ఈ ఊర్లో ఏడాదికి రెండు తూర్లు పడితే ఎక్కువ.
కథ వదిలిపెట్టి కొంచేపు వానే చూసినా.
సిగరెట్టు మింద సిగరెట్టు ముట్టించినాడు.
ఆ బూడిదంతా ఎవురు ఎత్తాల, అనుకుంటి.

తెల్ల గౌనామె వచ్చి ఏడ్చింది.
అది ఏడుపు కాదని నాకు అప్పుడే తెలుసు.
ముక్కు చీదకుండా ఎవురన్నా ఏడుస్తారా?
శుక్రవారం ఫోన్లో నా నవ్వు కూడా అట్లాంటిదే.
మా చెల్లెలు కనిపెట్టలా.
కనిపెట్టి చెప్పలేదేమో.

ముసలి షావుకారు కుర్చీలోనే చచ్చిపోయినాడు.
బల్ల మింద రెండు తడి గుండ్రాలు,
గ్లాసు మాత్రం ఒకటే.
టోపీ ఆయన సొరుగులు లాగినాడు,
తివాచీ ఎత్తినాడు, అద్దం వెనక తడిమినాడు.
తలుపు తీసిన పనామె ఆడనే నిలబడి ఉంది,
చేతులు ముందర కట్టుకోని.
తడిసిన కోటు ఆమె చేతుల్లో పెట్టినాడు.
అంతే. ఒక్క మాట అడగలా.

"ఆమెను అడుగు నాయనా!"
బిగ్గరగానే అంటి, తెలుగులో.
మామా ఉలిక్కిపడింది.

నాకొచ్చింది వంటింటి అరబ్బీ:
బియ్యం, చీపురు, రేపు, అయిపోయింది.
దాంతోనే చెప్పినా.
గ్లాసులు రెండు. ఒకటి కడిగినారు.
పెదవి రంగు ఉత్త నీళ్లకు పోదు,
ఉప్పేసి రుద్దాల.
పనామెకు తెలుసు.

గంటన్నరకు గానీ ఆయనకు తెలీలా
తెల్ల గౌనామే చంపిందని.
వానలో పోలీసు కారు పాయ.
పనామె మళ్లా కనపడలా.
తెర మింద పేర్లు పైకి పోతావుంటే
మామా అద్దాలు సర్దుకోని వెతికింది.
ఆమె పేరు లేదంట,
'పనిమనిషి' అని ఉందంట.

టీవీ ఆపింది. చానాసేపు నన్నే చూసింది.
"ఈ ఇంట్లో నువ్వు ఏమేమి చూసినావు, బెంచలా?"

పెద్దకొడుకు మందుల డబ్బా కింద
తల్లి సంతకం నేర్చుకునే కాగితాలు దాచింది చూసినా.
కోడలు గాజు ఒకటి తీసి
పోయిన ఏడు ఇంకో పనామె మింద వేసింది చూసినా.
ఇనుప బీరువా మూడో అరలో, తువ్వాళ్ల అడుగున
నా పాస్‌పోర్టు ఉండేది కూడా.

"ఏమీ చూడలా మామా" అంటి.
ఆమె ఇంకేం అడగలా.
దుప్పటి కప్పి లైటు ఆర్పినా.

వంటింట్లోకి పోయి కొళాయి తిప్పి,
మళ్లా కట్టేసినా.
ఆమె తాగిన గ్లాసు, నేను తాగిన గ్లాసు
తెల్లారేదాకా
బల్ల మిందనే, కడక్కుండా పెట్టినా.