గది చప్పుడు

ముందు ఫ్రిజ్ ఆపాలి.
అది గురక పెడుతుంటే ఏ దుఃఖమూ శుభ్రంగా రికార్డు కాదు.
ఆపి, కారు తాళాలు లోపల పెడతాను, వెన్న గిన్నె పక్కన.
వెళ్ళేటప్పుడు తాళాల కోసం ఎలాగూ తెరుస్తాం,
అప్పుడు గుర్తొచ్చి మళ్ళీ వేస్తాం.
మా పనిలో ఇది గురువుల నాటి చిట్కా.
గోడ గడియారానికి అలాంటి చిట్కా లేదు.
లోలకాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని ఆపాను.
నాలుగూ పది.

పీకో దీవి. నల్లరాళ్ళ ఇల్లు. కిటికీ నిండా అట్లాంటిక్.
దియోలిందా ఫుర్తాదు, ఎనభై ఒకటి,
మా కోసం చారల స్వెట్టరు వేసుకుని కూర్చుంది.
సన్న చారలు తెర మీద పాకుతాయని
కెమెరా రూబెన్ దాన్ని మార్పించాడు.
బూడిదరంగు ఉన్ని లోంచి వైరు పోనిచ్చి
మెడ ఎముక కింద మైకు అంటించాను.
అప్పట్నుంచీ ఆమె గుండె నా చెవుల్లో.

"కెమెరా వైపు చూడకండి, నన్నే చూడండి,
మేం లేనట్టే ఉండండి" అంది డైరెక్టరు బెనెదీతా.
నట్టింట్లో నాలుగు దీపాలు, ముగ్గురు మనుషులు,
బల్ల కాళ్ళకు చుట్టుకున్న వైర్లు.
ముసలామె అందర్నీ ఒకసారి కలయజూసి
"సరే, లేరు" అంది.

మా ప్రశ్న సినిమాలో వినబడదు.
జవాబులోనే ప్రశ్ననూ కలుపుకుని చెప్పాలి.
మీ ఆయన ఏం చేసేవారు?
"తిమింగలాల కోసం చూస్తాడు."
అలా కాదు, పూర్తి వాక్యం కావాలి:
మా ఆయన సిల్వీనో, కొండ మీది గూట్లో కూర్చుని
తిమింగలాల కోసం చూసేవాడు, అని.
ఆమె కూడబలుక్కుంది.
మా ఆయన. సిల్వీనో. కొండ మీది గూట్లో.
తిమింగలాల కోసం చూసే
మీటరు ముల్లు అడుక్కి పడిపోయింది
వాడు.
పదకొండేళ్ళుగా ఆ గడప తొక్కని భూతకాలాన్ని
మేమే మోసుకొచ్చాం,
ట్రైపాడ్‌తో పాటు.

తర్వాత చేతులు.
మాటలు కోసిన చోట అతుకు కనబడకుండా
పైన కప్పడానికి చేతులు కావాలి.
ఆమె బంగాళాదుంపలు ఒలిచింది. దగ్గర్నుంచి. పక్కనుంచి.
ఏడో దుంప దగ్గర
"ఇన్నెవరు తింటారు?" అంది.

తలుపు మూడుసార్లు తీసింది.
మొదటిసారి గాలి కోసం.
రెండోసారి మా కోసం, వెలుతురు చాల్లేదని.
మూడోసారి ఎవరి కోసమో తెలీదు,
ద్వారబంధానికి చెయ్యి ఆనించి
నీళ్ళ వైపు చూస్తూ ఉండిపోయింది.
సినిమాలో ఉన్నది మూడోది.

ఆఖర్న గది చప్పుడు.
ఎవరూ మాట్లాడని గదికీ ఒక గొంతు ఉంటుంది.
దాన్ని పట్టుకెళ్ళి కోతల మధ్య పూస్తారు,
గోడ బీటలకు సున్నంలా.
ముప్పై సెకన్లు, ఎవరూ కదలొద్దు, అన్నాను.
పొగగొట్టంలో గాలి.
ఎక్కడో చెక్క విరుచుకున్న ఒళ్ళు.
ఉన్ని కింద ఊపిరి.
ముప్పై దాటాయి, అరవై దాటాయి.
చాలు అనాల్సింది నేనే. అనలేదు.
ఆమే అంది, ఎవరి వైపూ చూడకుండా:
"ఇదిగో, నేను రోజూ వినేది ఇదే."
ఆ మాటతో టేకు పాడైంది.
మళ్ళీ తీశాం.

అంగీకార పత్రం చదివి వినిపించాం.
ఇప్పుడున్న, ఇకపై పుట్టబోయే అన్ని మాధ్యమాల్లో,
విశ్వమంతటా.
"విశ్వమంతటానా?"
అలా రాయడం మామూలేనండీ.
కళ్ళజోడు తుడుచుకుని సంతకం పెట్టింది.
చల్లబడ్డ తాళాలు తీసుకుని, ఫ్రిజ్ వేసి, వచ్చేశాం.

లిస్బన్‌లో ఎడిటింగ్ గది.
ఆ దృశ్యం మరీ బోసిగా ఉందని
ఎడిటర్ ఏదో భాండారం నుంచి శబ్దం తెచ్చి వేశాడు.
టిక్. టిక్. టిక్.
అందరూ తలలూపారు, ఇప్పుడు నిజంగా ఉందని.
నాకు అరచేతులు చెమటపట్టాయి.

ఫోన్ చేశాను.
దియోలిందా గారూ, మీ గడియారం...
"మళ్ళీ తీస్తారేమోనని
అలాగే ఉంచాను" అంది.
ఆ మాట వెనకాల
ఫ్రిజ్ గురక స్పష్టంగా వినబడింది.