ఏడో నంబరు బోరు

పొద్దున ఆరున్నరకు ఇనుప మూత తాళం తీస్తాను.
కిర్రుమంటుంది. లోపల్నుంచి
శానాసేపు నోరు మూసుకున్న మనిషి ఊపిరిలా
వెచ్చటి గాలి.

టేపుకు సుద్ద పూస్తాను.
మా పాప బడి నుంచి తెచ్చిన ముక్క,
కంపెనీ ఇచ్చే సుద్ద రాలిపోతుంది.
వదులుతాను. పది. ఇరవై. నలభై.
వేళ్ళ సందున ఇనుము పరిగెత్తుతుంది.
నీళ్ళు తాకితే సప్పుడుండదు,
చేతి బరువు పిసరంత తగ్గుతుంది, అంతే.
పైకి లాగితే సుద్ద యాడ తడిసిందో అది లెక్క.

యాభై మూడు మీటర్ల నలభై.
పోయిన్నెల యాభై ఒకటి.
రాసుకుంటాను.

మా జేజినాయన నీళ్ళు చూసేవాడు.
అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని
గోపనాయునిపల్లె చేన్లన్నీ నడిచేవాడు.
అది లేచి నిలబడిన చోట మడమతో గుర్తు పెట్టి
"ఈడ తోడుకోండప్పా" అనేవాడు.
మూడింటికి ఒకటి తప్పేది.
తప్పిన పూట సంగటి ముట్టేవాడు కాదు.
ఉన్నాయా, లేవా? అంతే ఆయన శాస్త్రం.
ఉన్నవి ఎట్లాంటివని
ఆయన్నెవరూ అడగలేదు.

నన్ను అడుగుతారు. ఫారం మీద.
సీసాను అదే నీళ్ళతో మూడుసార్లు కడగాలి,
గొంతు దాకా నింపాలి, బుడగ ఉండకూడదు,
రెండో సీసాలో యాసిడ్ రెండు చుక్కలు.
రంగు: లేదు.
వాసన: లేదు.
రిమార్కులు: బొటనవేలంత గడి.

ఆ గడిలో దస్తగిరమ్మ మేకలు పట్టవు.
నడి ఎండలో నాలుక బయటేసుకుని వచ్చి
తొట్టి దగ్గర మూతి పెట్టి
మళ్ళీ తలెత్తి ఆమె మొగం చూస్తాయే,
ఆ చూపు పట్టదు.
డ్రిప్పు పైపు బొక్క బొక్కకూ పేరుకున్న తెల్లపొక్కును
దబ్బనంతో పొడుచుకుంటా పోయే ఓబుళపతి నడుమునొప్పి పట్టదు.
ఆయన అరటికి ఈసారి గెల వచ్చింది,
కాయలు మాత్రం పిల్లకాయల వేళ్ళంత.
ఆ పిల్లకాయల మోచేతి మడతల్లో దద్దుర్లు.
"చెమటకాయలులేమ్మా" అన్నాడు డాక్టరు,
డిసెంబరు నెలలో.

సీసాలు కడప బస్సెక్కుతాయి,
కండక్టరు వాటికి టిక్కెట్టు కొట్టడు.
నలభై రోజులకు కాగితం వస్తుంది:
పరిమితికి లోబడి ఉన్నది.
పరిమితి ఎవరిదో ఆ కాగితంలో ఉండదు.

ఇంటికి పోయి నేను తాగేది
ఇరవై రూపాయల క్యాను నీళ్ళు.
అవి ఏ బోరువో
ఇంతవరకూ ఎవరూ టేపు వదల్లేదు.

ఒక సంగతుంది.
గుట్ట అవతల బురదగుంత తవ్విన ఏడాది
దాని అడుగున నల్ల పట్టా పరిచిన కూలోళ్ళలో నేనూ ఉన్నాను.
రోజుకు రెండు నూర్లు, మధ్యాన్నం చిత్రాన్నం.
పట్టా మీద పట్టా వేసి వేడి ఇస్త్రీతో అతకాలి.
తూర్పు మూలలో ఉన్నప్పుడు సుడిగాలి లేచింది.
పట్టా తెరచాప మాదిరి ఎగిరి నన్ను నాలుగడుగులు ఈడ్చింది.
కండ్లలో దుమ్ము. ఇస్త్రీ యాడ ఆపినానో కనపడలేదు.
మేస్త్రీ అరిచినాడు: "సాల్లే కుళ్ళాయమ్మా,
రేపు దానిమీద మన్నే కదా పడేది."

మన్ను పడింది.
దానిమీద బురద పడింది. తొమ్మిదేండ్లు.

తూర్పు మూల నుంచి పల్లం పడమటికి కాదు,
ఈ ఏడో నంబరు దిక్కుకు.
ఆ సంగతి మా జేజినాయన మడమకు తెలుసు.
ఇంజనీరు మ్యాపులో బాణం గుర్తు ఇంకో పక్కకుంటుంది.

ఈ పొద్దు ఫారం నింపినాను.
రంగు: లేదు. వాసన: లేదు.
పెన్ను కొసను బొటనవేలి గడి మీద పెట్టి
శానాసేపు కూర్చున్నాను, బోరు మూత కూడా వెయ్యకుండా.

సుద్దంటిన వేళ్ళతో రాస్తే అక్షరాలు లావొచ్చినాయి,
గడి దాటినాయి, సంతకం మీదికి ఎక్కినాయి.
తూర్పు మూల. అతుకు. నేనే.

సార్ వచ్చి చూసి
"ఇదేంది, దీన్ని ఏ కాలంలో ఎక్కించాల?" అన్నాడు.

నాకు తెలీదు సార్.
తాళం వేస్తాను, ఎనిమిదో నంబరుకు పోవాల.